ముంపు పియానో

కాన్వీ దీవి, ఎసెక్స్
నవంబరు 1976

ఒరేయ్ క్లైవ్,

నిన్న పబ్బు తలుపులు తీసి గ్లాసులు తుడుచుకుంటున్నాను. చేపల బండి డెస్మండ్ ఏదో పాటల పత్రిక తెచ్చి నా ముందు పరిచాడు. "హేజెల్, వీడు మీ తమ్ముడే కదూ? ఏమన్నా జబ్బు చేసిందా వీడికి?" అన్నాడు. చూద్దును కదా, నువ్వే. జుట్టు ఎలకలు కొరికినట్టుంది. చిరుగుల కోటు, దానికి వరసగా పిన్నీసులు. బ్యాండు పేరు డస్ట్‌బిన్స్ అట. నీ పేరు రస్ట్ అట! అమ్మ పెట్టిన పేరుకి తుప్పు పట్టిందన్నమాట.

జుట్టుకీ పిన్నీసులకీ నవ్వుకుని ఊరుకునేదాన్ని. కింద నువ్వు వాగింది చదివాకే ఒళ్లు మండిపోయింది. "మేం ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదు. మా వెనక ఎవరూ లేరు. పబ్బుల్లో వాయించే ముసలి పీనుగులంటే నాకు రోత. వాళ్ల సంగీతం పాత సాక్సుల కంపు కొడుతుంది. నన్ను వీధే పెంచింది." వయసు పంతొమ్మిదని కూడా కోశావు. నీకు ఇరవయ్యారు నిండాయని నాకు తెలియదనుకున్నావా?

సముద్రం పొంగిన యాభైమూడు ముంపులో అమ్మా నాన్నా కొట్టుకుపోయినప్పుడు నిన్ను చంకనేసుకుని, నన్ను వీపున కట్టుకుని ఇంటి కప్పెక్కింది వీధి కాదు, సెసిల్ మావయ్య. టీ పెట్టెకి చీపురు కర్రా, తాడూ బిగించి బుంయ్ బుంయ్‌మని వాయించడం నీకు నేర్పిందీ ఆయనే. నూనె ఓడల మీద వచ్చే నావికుల్ని బతిమాలి, అమెరికా నల్లవాళ్ల రికార్డులు తెచ్చి, అవి అరిగి గరగరమనే దాకా మనకి వినిపించిందీ ఆయనే. ఆ ఫోటోలో నీ కుడిచెయ్యి చూశాను. గిటారు మీటే బిళ్ల లేకుండా గోళ్లతో తీగల్ని నరికినట్టు కొడుతున్నావు. ఆ చెయ్యి ఎవరిదిరా?

మావయ్యకి ఈ పత్రిక ఇంకా చూపించలేదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

హేజెల్


లండన్
డిసెంబరు 1976

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. అంత కోపమైతే ఎలాగే? అదంతా నాటకం. ఇక్కడ అందరం అబద్ధాలే చెబుతాం. మా మేనేజర్ రోలండ్‌కి బట్టల కొట్టుంది. మొదటి రోజే చెప్పేశాడు: "వెనకటి సంగతులు ఉన్నవాళ్లు నాకు అక్కర్లేదు. మీరు నిన్న పుట్టారు. సరేనా?"

బేస్ వాయించే జూలియన్ డాక్టరుగారి అబ్బాయి. చిన్నప్పుడు పదేళ్లు పియానో నేర్చుకున్నాడు. ఇప్పుడు కావాలని తప్పులు వాయిస్తాడు, అందులో కూడా వాడే ఫస్టు. డ్రమ్ములు కొట్టే బ్యారీ మొన్నమొన్నటిదాకా మొహానికి మెరుపులు పూసుకుని, ఎత్తుమడమల వెండి బూట్లేసుకుని, జనం చేత చప్పట్లు కొట్టించే పాటలకి వాయించేవాడు. ఇప్పుడూ అదే దరువు, కాస్త తొందరగా కొడతాడు. ఆ వెండి బూట్లు మాత్రం మంచం కింద దాచుకున్నాడు. పారెయ్యడానికి మనసొప్పలేదట.

మాలో ఎవరూ గిటారు శ్రుతి చేసుకుంటూ జనం కంట పడకూడదు. పడితే పరువు పోయినట్టే. నేను పాయిఖానాలోకి వెళ్లి గడియ పెట్టుకుని, చెవితో పోల్చుకుంటూ శ్రుతి చేసి వస్తాను. మిగతావాళ్లు గుట్టుగా నా గిటారు విని కలుపుకుంటారు. ఆ కంపులో ముక్కు మూసుకుని తీగలు బిగించాలి. జనం సంగతి చెప్పనా? మెచ్చుకోవాలనుకుంటే మా మీద ఉమ్ముతారు. నిజంగానే. మొన్న పాడేవాడి నోట్లోనే పడింది. నా చొక్కా ఉతికేటప్పుడు వాంతి వచ్చినంత పనైంది. అయినా, ఆ వేదిక మీద నిలబడితే ఒంట్లో రక్తం ఉరకలేస్తుంది అక్కా. నీకు చెప్పినా అర్థం కాదు.

క్లబ్బులో మా ఆటకీ ఇంకో బ్యాండు ఆటకీ మధ్య వెయ్యడానికి మా రకం రికార్డులే లేవు. అందుకని జమైకా కుర్రాడు డెల్రాయ్ వాళ్ల రికార్డులు వేస్తాడు. ఆ బేస్ వింటే గుండెల్లో నీళ్లు కదులుతాయి. మావయ్య వింటే అక్కడే చతికిలబడిపోతాడు. "ఇవన్నీ నీవేనా?" అని అడిగితే డెల్రాయ్ నవ్వాడు. "మా నాన్నవబ్బా. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు" అన్నాడు. మంచి హాస్యగాడు.

ఒక్క సాయం చెయ్యి. పబ్బు గోడ మీద మావయ్య పక్కన నేను పొడుగు జుట్టుతో వాయిస్తున్న ఫోటో ఉంది కదా, అది తీసెయ్. పత్రికల వాళ్లు ఎక్కడెక్కడో కెలుకుతున్నారు.

క్లైవ్


కాన్వీ దీవి
ఫిబ్రవరి 1977

క్లైవ్,

ఫోటో తియ్యను. అది గోడ మీద నీకంటే నిజాయితీగా ఉంది.

మావయ్య పత్రిక చూశాడు. నేను చూపించలేదు. ఊళ్లో నోళ్లకి తాళాలుండవు కదా. బార్ బల్ల మీద గుద్ది, "సాక్సుల కంపా? నా సాక్సులు నేనే ఉతుక్కుంటాను, నీలం పెట్టి మరీ ఉతుక్కుంటాను! వాడి సాక్సులూ ఉతికాను!" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వబోయాడు గాని మొహం సహకరించలేదు. అప్పట్నించీ పెద్దగా తినడం లేదు. చేపలు పెడితే ముక్కు పక్కకి తిప్పుకుంటున్నాడు.

ఇంకా ఉంది. మా పబ్బు యజమాని టబ్స్ సంగతి నీకు తెలుసుగా, గాలి ఎటు వీస్తే అటు తిరుగుతాడు. శుక్రవారాల్లో వాయించే మావయ్య బ్యాండుని ఆపేశాడు. "నేనన్నానా సెసిల్? మీ మేనల్లుడే అన్నాడు. ముసలి సంగీతం కంపు కొడుతోందని పత్రికలో అచ్చయింది" అన్నాడు. నీ మాట పట్టుకుని నీ మావయ్యనే బయటికి గెంటాడు. ఆ పూట టబ్స్‌కి బీరు పోస్తుంటే ఆ గ్లాసులో ఉమ్మాలనిపించింది. మీ క్లబ్బులో అయితే అది మెచ్చుకోలేమో!

అసలు విషయం వినుకో. జూన్‌లో రాణిగారు గద్దెనెక్కి పాతికేళ్లయిన సంబరాలు. టబ్స్ పబ్బు పెరట్లో పియానో పగలగొట్టే పోటీ పెడతాడట. మన చిన్నప్పుడు తిరునాళ్లలో చూశావు కదా, రెండు జట్లు సమ్మెటలతో పియానోని చెరో సగం ముక్కలు చేసి, ఆ ముక్కల్ని చిన్న ఇనపచట్రం కంతలోంచి అవతలికి దూర్చాలి. ముందు దూర్చిన జట్టుకి బీరు. పగలగొట్టేది ఏ పియానోననుకున్నావు? పబ్బులో ఉన్న మన ముంపు పియానోనే.

అది ఎలా మిగిలిందో నీకు తెలుసు. ముంపు నీళ్లలో నానింది. తీగలు బిగిస్తే తెగుతాయని శ్రుతి చేసేవాడు మొత్తంగా అర మెట్టు కిందికి దించి వదిలేశాడు. అప్పట్నించీ మన దీవిలో ఎవరు గిటారు పట్టినా దానికే దించుకున్నారు. మావయ్య గొంతు ఆ మెట్టు మీదే స్థిరపడిపోయింది. బళ్లో చెప్పే మెట్టు మన చెవికి చెప్పు కరిచినట్టుండేది. నువ్వు దాని కింద పడుకుని నిద్రపోయేవాడివి.

నిన్నేమీ పెద్ద కోరికలు కోరట్లేదు. ఏదో ఒక పత్రికకి ఒక్క మాట చెప్పు. "నేను ఆ పబ్బులో, ఆ పియానో పక్కన, మా మావయ్య దగ్గర నేర్చుకున్నాను" అని. అది అచ్చయితే టబ్స్ ఆ పియానోకి కంచె కట్టి, చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర గొప్పలు చెప్పుకుంటాడు. వాడి బుద్ధే అంత. నీ ఒక్క మాటతో పియానో మిగులుతుంది. మావయ్య కూడా.

హేజెల్


లండన్
ఏప్రిల్ 1977

అక్కా,

ఉత్తరం రాయడం ఆలస్యమైంది. రికార్డు చేశాం! దీనితో పాటు ఒకటి పంపుతున్నాను. టబ్స్ పబ్బులో పెట్టు, అద్దాలు జాగ్రత్త.

స్టూడియోలో ఓ తమాషా జరిగింది. ఒక పాటలో ఆర్గను కలుపుదామని జూలియన్ సరదాపడ్డాడు. మీటలు నొక్కగానే అందరి మొహాలూ వంకరపోయాయి. మా పాటకీ ఆర్గనుకీ అసలు పొసగలేదు. రికార్డు చేసే ఆయన తల గోక్కున్నాడు. "మీరందరూ అర మెట్టు కింద ఉన్నారయ్యా. కిందయినా అందరూ ఒకేలా ఉన్నారు, పిసరు తేడా లేదు. ఎవరు చేశారీ శ్రుతి?" అన్నాడు. అందరూ నా వంక చూశారు. నేను పైకప్పు చూశాను. నాకైతే ఆ ఆర్గనే తప్పు పలికినట్టనిపించింది. రోలండ్ చప్పట్లు చరిచాడు. "అద్భుతం! తప్పులో పుట్టిన సంగీతం! ముట్టుకోకండి!" అన్నాడు. ఆర్గను తీసేశారు.

నువ్వడిగిన మాట నేను చెప్పలేను. మావయ్య పేరు ఎత్తానా, మర్నాటికి నా బదులు వీధిలోంచి ఇంకొకణ్ణి లాక్కొస్తాడు రోలండ్. ఇక్కడ పిన్నీసులు పెట్టుకుని లైనులో ఉన్నవాళ్లు కొల్లలు. ఇన్నేళ్లు నూనె ట్యాంకులకి రంగులేశాను అక్కా. మళ్లీ ఆ నిచ్చెన ఎక్కలేను. అది పాత పియానో. ఎలకలు కూడా కాపురం మానేశాయి. పోతే పోనీ.

క్లైవ్


కాన్వీ దీవి
మే 1977

క్లైవ్,

నీ పాట విన్నాం. మధ్యాహ్నం పబ్బు ఖాళీగా ఉన్నప్పుడు టబ్స్ పెట్టాడు. డెస్మండ్ ఉన్నాడు, నేను ఉన్నాను. మావయ్య మూల బల్ల దగ్గర వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు. వినేవాడిలా కాదు, పళ్లు పీకించుకునేవాడిలా.

నాకు నచ్చలేదు. మీవాడు పాడుతున్నాడో, వాంతి చేసుకుంటున్నాడో తెలియలేదు. మావయ్య మొదటి చరణం అయ్యేదాకా "ఛీ" అంటూనే ఉన్నాడు. "ఆ గిటారు నాది. ఆ చెయ్యి నాది. దొంగ వెధవ, వేళ్లతో సహా ఎత్తుకుపోయాడు" అన్నాడు.

ఉన్నట్టుండి నోరు మూశాడు. తల పక్కకి వంచి విన్నాడు. లేచి వెళ్లి పియానో మూత తెరిచి, నీ పాటతో పాటు ఎడమచేత్తో కింది మెట్లు వాయించాడు. ఇన్నేళ్లలో నాణెం వేస్తే పాడే జ్యూక్‌బాక్సులో ఏ పాట పెట్టినా ఆ పియానో దానితో కలవలేదు. నీ పాటతో కలిసింది, అరవెంట్రుక వాసి కూడా తేడా లేకుండా కలిసింది. డెస్మండ్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

పాట అయిపోయాక మావయ్య మూత మూసేశాడు. "మన పియానోని చెవిలో పెట్టుకుని లండన్ తీసుకుపోయాడే వీడు! అక్కడ ఎవడి దగ్గరా నేర్చుకోలేదంటాడా?" అని, తూ అని పక్కకి ఉమ్మి, కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. మామూలుగా అయితే పబ్బులో ఉమ్మినందుకు తిట్టేదాన్ని. తుడిచి ఊరుకున్నాను.

కాబట్టి దాపరికం నీ నోటిదేరా, నీ గిటారుది కాదు. టబ్స్ పోటీ తేదీ ఖాయం చేశాడు. ఇంకా సమయం ఉంది.

హేజెల్


లండన్
జూన్ 1977, మొదటి వారం

అక్కా,

తొందరలో రాస్తున్నాను. తిట్టకుండా చదువు.

ఒకరోజు తాగిన మాటల్లో మన ఊళ్లో పియానో పగలగొడతారని రోలండ్‌కి చెప్పాను. అది నా ఊరనీ, ఆ పియానో మనదనీ మాత్రం చెప్పలేదు. కళ్లు మెరిశాయి వాడికి. కనుక్కుని టబ్స్‌కి వాడే ఫోన్ చేశాడు. సంబరాల రోజున డస్ట్‌బిన్స్ వచ్చి పాత సంగీతాన్ని పగలగొడతారట. పత్రికల వాళ్లు వస్తున్నారు, ఫోటోగ్రాఫర్లు వస్తున్నారు. మొదటి దెబ్బ నాదట.

రానని చెప్పలేకపోయాను. ఆ రోజు మావయ్యని ఇంట్లోనే ఉంచు. నువ్వు నన్ను ఎరగనట్టే ఉండు, ఊళ్లోవాళ్లకీ చెప్పు.

క్లైవ్


కాన్వీ దీవి
జూన్ 1977

రస్ట్‌గారికి,

ఎరగనట్టే ఉన్నాను కదా? "బీరు కావాలా సార్?" అని అడిగాను. "కావాలి" అన్నావు. బాగా నటించాం ఇద్దరం.

మావయ్యని ఇంట్లో ఉంచడం నా వల్ల అయ్యే పనేనా? తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. గోడ వారన నిలబడ్డాడు. నువ్వు చూశావు. నువ్వు చూశావని నేను చూశాను. నీ పక్కనున్న పత్రికాయన గోడ మీది ఆ పాత ఫోటో కిందే నిలబడి తాగాడు. తల ఎత్తి చూశాడు కూడా. ఆ పొడుగు జుట్టువాడు నువ్వేనని పోల్చుకోలేదు. నువ్వెంత నిశ్చింతగా ఊపిరి వదిలావో నేను గమనించాను.

నీ చేతికి సమ్మెట ఇచ్చారు. ఒక్క క్షణం ఆగావు. ఆగినప్పుడు పిచ్చిదాన్ని, ఇదిగో ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. నువ్వు మొహం చిట్లించి కెమెరా వైపు తిరిగి, ఎత్తి కొట్టావు. మూత చీలింది. లోపలి తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి. ఆ మోతకి జనం ఈలలు వేశారు. ముంపులో అమ్మని తీసుకుపోయిన నీళ్లు దాన్నేమీ చెయ్యలేకపోయాయి. నువ్వు చేశావు.

తర్వాత మీ వాళ్లూ, డెస్మండ్ అల్లుళ్లూ కలిసి ముక్కలు చేసి ఆ కంతలోంచి దూర్చారు. దంతపు మీటలు మీ పత్రికల వాళ్లు గుర్తుగా జేబుల్లో వేసుకున్నారు. తీగలు పాతఇనుము బండివాడు తీసుకుపోయాడు. రోలండ్ నా భుజం మీద చెయ్యేసి, "గొప్ప రోజు కదా?" అన్నాడు. ఆ చెయ్యి తీసి వాడి జేబులోనే పెట్టాను.

మావయ్య మధ్యలో వెళ్లిపోలేదు. చివరిదాకా చూశాడు. ఇంటికి వెళ్తూ ఒక్కటే అన్నాడు: "దెబ్బ మాత్రం బాగా కొట్టాడు. మణికట్టు అలా తిప్పాలని నేనే చెప్పాను వాడికి."

నాకు నీ మీద కోపం లేదు. కోపం వస్తే ఎప్పటికైనా చల్లారుతుందని ఆశ ఉంటుంది. నాకు అసహ్యం పుట్టింది. ఇక ఉత్తరాలు రాయకు.

హేజెల్


లీడ్స్ నుంచి
సెప్టెంబరు 1977

అక్కా,

రాయొద్దన్నా రాస్తున్నాను. చదవకుండా పారేసినా సరే.

ఆ ఫోటో ప్రతి పత్రికలోనూ పడింది. రికార్డు అమ్ముడుపోతోంది. ఊరూరా తిరుగుతున్నాం. ప్రతి ఊళ్లోనూ ఎవడో ఒకడు నా దగ్గరికి వచ్చి, "ఆ పియానో పగలగొట్టింది నువ్వే కదా!" అని చెయ్యి కలుపుతాడు. ఆ చెయ్యి వెంటనే కడుక్కోవాలనిపిస్తుంది. వాడిది కాదు, నాది.

కొత్త మేనేజర్ వచ్చాడు. రోలండ్ విసుగొచ్చి ఇంకో కొత్త సరుకు వెతుక్కున్నాడు. ఈయన మమ్మల్ని సరైన శ్రుతిలో పెట్టాలని ఒక శ్రుతి చూపే యంత్రం కొన్నాడు. దాని ప్రకారం బిగించాను. వేదిక మీద ఒక్క పాట కూడా నా చెవికి ఎక్కలేదు. మధ్యలోనే ఆపి, జనం అందరి ముందూ, పాయిఖానా కూడా లేకుండా, తీగలు వదులు చేసుకుని మన మెట్టుకి దించుకున్నాను. బోలెడంత ఉమ్మారు. ఈసారి మెచ్చుకోలు కాదు.

డెల్రాయ్ చూసి, "ఎవరిదబ్బా ఆ శ్రుతి?" అని అడిగాడు. చెప్పాను. వాడొక్కడికే చెప్పాను. వాడు నవ్వలేదు.

మావయ్య ఎలా ఉన్నాడు? ఆ పియానోది ఒక్క తీగైనా, ఒక్క మీటైనా మిగిలిందా?

క్లైవ్


కాన్వీ దీవి
అక్టోబరు 1977

క్లైవ్,

ఒక్క తీగ కూడా మిగల్లేదు. నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. కాని ఇది నీకు తెలియాలి.

మావయ్య బ్యాండు ఇప్పుడు రేవు కార్మికుల క్లబ్బులో వాయిస్తోంది. వాళ్లకి చర్చి వాళ్లు ఒక పాత పియానో ఇచ్చారు. శ్రుతి చెయ్యడానికి పక్క ఊరు సౌత్ఎండ్ నుంచి ఒకాయన వచ్చాడు. మామూలు శ్రుతికి పెడతానంటే మావయ్య ఒప్పుకోలేదు. "నా గొంతు నా మెట్టు మీదే లేస్తుంది. ఇంకోదాని మీద కూలిపోతుంది" అన్నాడు. మరి ఆ మెట్టు ఎక్కడుందో ఎవరు చెప్పాలి? డెస్మండ్ ఒకలా కూనిరాగం తీశాడు. నేను ఇంకోలా తీశాను. మావయ్య మా ఇద్దర్నీ తిట్టి మూడోలా తీశాడు. వేసవి తర్వాత ఆయన చెవి కూడా మందగించింది. వచ్చినాయన విసుక్కుని, "ముందు మీరు మీరు తేల్చుకోండి" అని పనిముట్లు సర్దుకోబోయాడు.

మావయ్య నా వైపు తిరిగాడు. "ఆ దొంగ వెధవ రికార్డు పారేశావా?" అన్నాడు.

పారెయ్యలేదు. గ్లాసుల బీరువా అడుగున దాచాను. ఎందుకు దాచానని నన్ను అడగకు.

క్లబ్బు గ్రామఫోను మీద పెట్టాను. మీవాడి అరుపులు మొదలుకాగానే మావయ్య మొహం కషాయం తాగినట్టయింది. "ఛీ, ఎంత రోత పాట" అన్నాడు. "మళ్లీ పెట్టు" అన్నాడు. శ్రుతి చేసేవాడు ఒక్కొక్క తీగనీ నీ గిటారుతో పోల్చుకుంటూ దించుకుంటూ పోయాడు. ఆ పాట అరిగిపోయేదాకా పెట్టాం. పెట్టినప్పుడల్లా మావయ్య అసహ్యించుకున్నాడు. పెట్టినప్పుడల్లా ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని మీటల్లేకుండానే వాయించుకున్నాడు.

పని అయ్యాక శ్రుతి చేసినాయన చేతులు తుడుచుకుంటూ, "పియానోలతో గిటార్లు కలపడం చూశాను గాని, రికార్డుతో పియానో కలపడం ఇదే మొదలు. ఎవరిదండీ ఈ రికార్డు? మీ వాళ్లదా?" అని అడిగాడు.

మావయ్య కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. నేను ఆయన మొహం వైపే చూస్తున్నాను.

"మా పియానోది" అన్నాడు.

హేజెల్